మేట మీదుగా బోటు దాటించాలంటే పోటు నిండేదాకా ఆగాలా?

బోటు 1.5 మీటర్లు మునుగుతుంది, తీరపు కాలువలో అడ్డొచ్చే ఇసుక మేట మీద చార్టు లోతు (సముద్ర పటంలో రాసిన, నీరు అతి తక్కువగా ఉన్నప్పటి లోతు) 1.2 మీటర్లు. ఆ లోతు పైన నీటి ఎత్తు ఉదయం 6కి పాటులో 0.3, మధ్యాహ్నం 12కి పోటులో 2.1 మీటర్లు. ఎప్పుడు దాటాలి అని కదా అడిగారు. 8:30కి మేట దాటండి, 12 దాకా ఆగొద్దు.

అడుగున 0.6 మీటర్ల ఖాళీ ఉంచుకుంటే మొత్తం 2.1 లోతు కావాలి. చార్టు లోతు 1.2 పోను పోటు 0.9 ఇవ్వాలి. నీరు ఒకే వేగంతో పెరగదు. మొత్తం పెరుగుదలను 12 భాగాలు చేస్తే గంటగంటకూ 1, 2, 3, 3, 2, 1 భాగాల చొప్పున ఎక్కుతుంది. ఇక్కడ భాగం 0.15. ఏడింటికి 0.45, ఎనిమిదింటికి 0.75, తొమ్మిదింటికి 1.2. అంటే 8:20కే సరిపోతుంది, పది నిమిషాలు అదనం. లెక్క ఉజ్జాయింపే. మొగల (నది సముద్రంలో కలిసే చోట్ల) దగ్గర, లోతు తక్కువ కాలువల్లో పోటు ఆలస్యమవుతుంది, పోటుపాట్ల పట్టికలోని స్థానిక సవరణ కలపాలి. తీరం నుంచి సముద్రం వైపు గట్టి గాలి వీస్తే నీరు పట్టికకన్నా తగ్గుతుంది. ఆ 0.6 అందుకే.

ఎక్కే నీటిలో తగిలితే అరగంటలో అదే తేలుతుంది. నిండు పోటులో తగిలితే తర్వాతి పోటు దాకా అక్కడే. అమావాస్య, పౌర్ణమి తర్వాత ఒకటి రెండు రోజులకు వచ్చే పెద్ద పోటులో ఇరుక్కుంటే ఇంకా కష్టం, ఆపై వచ్చే పోట్లు రోజురోజుకీ చిన్నవవుతాయి.

తగలగానే ఇంజను ముందుకు రేపొద్దు. మేట మీదికి ఇంకా ఎక్కుతుంది, చల్లబరిచే నీటి గొట్టంలోకి ఇసుక పోతుంది. మెల్లగా వెనక్కి, వచ్చిన దారినే. పాటు సమయమైతే మొదటి కొద్ది నిమిషాలే అవకాశం. కదలకపోతే చిన్న పడవలో లంగరు తీసుకెళ్లి లోతు వైపు వేయండి, బోటును మేట వైపుకే ఒరగనివ్వండి. లోతు వైపు ఒరిగితే పోటు తిరిగొచ్చినప్పుడు లేవకముందే నీరు లోపలికొస్తుంది.

రాత్రి లంగరుకూ ఇదే లెక్క. పాటులో 2 మీటర్లున్న చోట పోటు పెరుగుదల 1.8, నీటి పైన బోటు ముక్కు ఎత్తు 1 కలిపితే 4.8. గొలుసు దానికి 5 రెట్లు, 24 మీటర్లు. పాటులో కొలిచి వదిలిన గొలుసు పోటుకి చాలదు, అర్ధరాత్రి లంగరు జారేది ఎక్కువగా అందుకే.