పోలీసుల సంగతి తర్వాత, ముందు పిల్లోడిని ఆ బార్ ముందు నుంచి ఇంటికి పిలుచుకో

తిరుపతి నుంచి ఒకామె రాసింది. భర్తకి కరకంబాడి రోడ్డులో హార్డ్‌వేర్ షాపు, రాత్రి తొమ్మిదికి షట్టర్ దించి నేరుగా లీలామహల్ సర్కిల్ వైపు ఒక బార్‌కి పోతాడు, శనివారం తప్ప రోజూ. ఈ మధ్య పోలీసులు బార్‌కి ఎదురుగా టీ కొట్టులో మఫ్టీలో కూర్చుని, ఎవరు బండెక్కుతా ఉన్నారో చూసి ముందు సర్కిల్‌లో ఉన్నవాళ్లకి ఫోన్ చేస్తున్నారంట. అట్లా ఒకసారి దొరికి కోర్టులో పదివేలు కట్టాడు. "ఇలా బార్ల మీద కన్నేసి పట్టుకునే హక్కు చట్టప్రకారం పోలీసులకి ఉందా మేడమ్? మా ఆయన హైకోర్టులో కేసు వేస్తానంటున్నారు, తెలిసిన లాయర్ నలభై వేలు అవుతుందన్నాడు, నా గాజులు తాకట్టు పెట్టమంటున్నారు, పెట్టమంటారా?" అని అడిగింది. ఉత్తరమంతా ఇదే గొడవ. చివర్లో మాత్రం ఒక్క మాట, అదీ ఏదో మర్చిపోయి చేర్చినట్టు: "ఇప్పుడు భయమేసి మా బాబుని తోడు పంపిస్తా ఉన్నా, ఇంటర్ ఫస్టియర్, పదహారేళ్లు, తొమ్మిదిన్నరకి పోయి బార్ బయట ఉంటాడు, వాళ్ల నాన్న వచ్చాక స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకొస్తాడు. చాలా బుద్ధిమంతుడు, ఏమీ అనడు."

అమ్మా, నువ్వు అడిగినదానికి జవాబు చిన్నదే, ముందు అది చెప్పేస్తా. చూడొచ్చు. బార్ ముందు రోడ్డు అందరిదీ, అక్కడ కూర్చుని ఎవరు తూలుకుంటా వచ్చి బండి స్టార్ట్ చేస్తున్నారో చూడటానికి పోలీసులకి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 203వ సెక్షన్ చదువుకోమను మీ ఆయన్ని. బండి నడిపేవాళ్లని గానీ నడపబోయేవాళ్లని గానీ, తాగారని అనుకోవడానికి సరైన కారణం ఉంటే ఆపి మిషన్‌లో ఊదమనొచ్చు, ఊదమని అడిగే పోలీసు మాత్రం యూనిఫాంలో ఉండాలి. అందుకే మఫ్టీలో ఉన్నాయన చూసి ఫోన్ చేస్తాడు, యూనిఫాంలో ఉన్నాయన ముందు సర్కిల్‌లో ఆపుతాడు. బార్‌లోంచి తూలుకుంటా వచ్చి బండి తాళం తిప్పాడంటే అంతకంటే కారణం ఏం కావాలి? లోపల టేబుల్ దగ్గర కూర్చుని తాగేవాడిని ఊదమనడానికి ఆ సెక్షన్ ఒప్పుకోదు, నడిచి పోయేవాడినీ ఆటో ఎక్కేవాడినీ ఊదమనడానికీ ఒప్పుకోదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం, 2019లో సవరించాక మొదటిసారికి 10,000 ఫైన్ లేదా 6 నెలల దాకా జైలు లేదా రెండూ, రెండోసారికి 15,000, జైలు 2 ఏళ్ల దాకా. మీ ఆయనకి ఇంక మొదటిసారి అయిపోయింది, అది గుర్తుంచుకోండి. ఆయనకీ హక్కులున్నాయి, లేవని నేను అనను. తాగి నడిపాడని అరెస్టు చేస్తే రెండు గంటల్లోపల డాక్టర్ చేత పరీక్ష చేయించాలి, లేకుంటే వదిలెయ్యాలి. ఎవరైనా రసీదు లేకుండా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. అంతే.

ప్రైవసీ అని ఆయన పట్టుకున్న పాయింట్ కూడా రాశావు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచి ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పిన మాట నిజమే, కానీ తాగి లారీల మధ్యలో బండి తోలడానికి అది రక్షణ అని నేను అనుకోను. ఇంకోటి, శనివారం కొండకి పోతారని రాశావు కదా, అలిపిరి దగ్గర ప్రతి బండినీ ఆపి సంచులతో సహా వెతుకుతారు, మందు మాంసం పైకి పోకూడదని. అక్కడ ఆయన నోరెత్తడు, ఎందుకంటే అది న్యాయమని ఆయనకి తెలుసు. కింద ఊర్లో రోడ్డు మీద పోయేవాళ్ల ప్రాణాలకి కూడా అంత విలువ ఇవ్వొచ్చు కదా. నా మటుకు నాకు ఒక్కటే కోరిక, ఆ టీ కొట్టులో కూర్చున్నాయన ముందు సర్కిల్‌కి ఫోన్ చేసేదాకా ఆగకుండా బండెక్కక ముందే పోయి తాళం చెవి తీసుకోవాలి, ఆ సర్కిల్ దాకా మధ్యలో ఎవరు అడ్డం వస్తారో ఎవరికి తెలుసు.

ఇంక నీ కొడుకు సంగతికి వస్తా, నేను ఈ జవాబు రాస్తున్నదే దానికోసం. పోలీసులు బార్ ముందు కాపలా కాస్తున్నారని మీ ఆయనకి కోపం, నీకు అనుమానం. అదే బార్ ముందు రోజూ రాత్రి నీ బిడ్డ కాపలా కాస్తున్నాడు, దాని గురించి మాత్రం ఇంట్లో ఎవరికీ ఏ ప్రశ్నా రాలేదు. పోలీసు డ్యూటీ దిగి ఇంటికి పోతాడు, జీతం వస్తుంది. ఈ పిల్లోడు తొమ్మిదిన్నర నుంచి స్కూటీ మీద కూర్చుని, వచ్చేపోయే తాగుబోతులు ఎవరి కొడుకువిరా అని అడిగితే చెప్పుకుంటా, తోటి పిలకాయలు ఎవరన్నా ఆ దారిన పోతే తల తిప్పుకుంటా, నాన్న బయటికొచ్చాక ఆయన బరువంతా వీపు మీద వేసుకుని కరకంబాడి రోడ్డులో టిప్పర్ల మధ్యలో ఇంటికి తోలుకొస్తాడు, మళ్లీ పొద్దున్నే లేచి కాలేజీకి పోవాలి. ఏమీ అనడు అని మెచ్చుకుంటా రాశావు చూడు, నాకు ఆ మాటే భయం కలిగించింది. పదహారేళ్ల పిల్లోడు ఇంత జరుగుతున్నా ఏమీ అనలేదంటే, అంటే అమ్మ ఏడుస్తుందని వాడికి తెలుసని అర్థం.

నా దగ్గరికి నలభై ఏళ్ల మగవాళ్లు వస్తారమ్మా, మంచి ఉద్యోగాలు, పెళ్లాం పిల్లలు, అయినా రాత్రి నిద్ర పట్టదు, ఇంట్లో ఎవరైనా గొంతు పెంచితే గుండె దడ. మాట్లాడించగా మాట్లాడించగా చివరికి ఇదే తేలుతుంది, చిన్నప్పుడు నాన్నని సారాయి అంగడి నుంచో బార్ నుంచో తెచ్చే పని వాళ్లదే. వాళ్లలో కొందరికి నాన్న మీద కోపం ఎప్పుడో పోయింది. అమ్మ మీద పోలేదు. పంపింది అమ్మ కదా. ఈ మాట నీకు కష్టంగా ఉంటుందని తెలిసే చెప్తున్నా.

తండ్రికి కొడుకు చేయాల్సింది ఉంది, నేను కాదనను, మన ఇళ్లలో అట్లనే పెరిగాం. కానీ అది ఆయన ముసలాయన అయ్యాక, వీడు తన కాళ్ల మీద నిలబడ్డాక. షాపు నడుపుకునే మగాడు రోజూ తాగితే ఇంటికి చేర్చే బాధ్యత మైనర్ పిల్లోడిది అని ఏ ధర్మంలోనూ లేదు. మీ అత్తగారు వాడి నాన్నే కదా పంపితే ఏమి అన్నారంట. ఆమె కొడుకు ఆయన, ఆమెకి అంత దిగులుంటే ఆమె గేటు దగ్గర నిలబడి కొడుకుని అడగనీ.

చట్టం మాట కూడా విను, నువ్వు దాన్ని నమ్ముతావు కాబట్టి. పదహారేళ్లకి గేర్లు లేని 50 సీసీ లోపు బండికి మాత్రమే లైసెన్స్ ఇస్తారు, మీ ఇంట్లో ఉన్న స్కూటీకి పద్దెనిమిది నిండాలి. మైనర్ బండి నడిపి నేరం చేస్తే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో బండి ఓనర్‌కో 25,000 ఫైన్, 3 ఏళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, పిల్లోడికి ఇరవై ఐదేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. భర్తని ఒక కేసు నుంచి తప్పించాలని బిడ్డని ఇంకో కేసులోకి తోశావు.

"పంపకపోతే ఆయనే తోలుకొస్తారు, ఏదన్నా అయితే?" అంటావు. ఆ భయం నిజం, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. కానీ దారులున్నాయి. షాపు మీదే, బండి షాపు లోపల పెట్టి షట్టర్ వేసి పోమను. తిరుపతిలో రాత్రి ఆటోకి కొదవ లేదు, రైళ్లకి బస్సులకి వచ్చే యాత్రికుల పుణ్యమా అని తెల్లవార్లూ తిరుగుతానే ఉంటాయి, తెలిసిన ఒక ఆటో అతన్ని నెలకి ఇంత అని మాట్లాడుకోండి, ఆ డబ్బు ఆయన మందు ఖర్చులోంచే రావాలి. ఈ మాట రాత్రి తాగొచ్చినప్పుడు ఎత్తొద్దు, పొద్దున టిఫిన్ దగ్గర చెప్పు, ఒక్కదానివే చెప్పలేకపోతే మీ బావగారిని పిలిపించు, ఆయన మాటకి ఇంట్లో విలువ ఉందని నువ్వే రాశావు. చెప్పినాక కూడా బండి తీసుకునే పోయాడా, పోనీ. పట్టుకోనీ. ఆ టీ కొట్టులో పోలీసులు ఇప్పుడు నీకు శత్రువులు కాదు తల్లీ, ఇంట్లో ఎవరూ అడ్డం చెప్పని మనిషికి బయట వాళ్లన్నా అడ్డం చెప్తున్నారు. తాగి బండెక్కాడని ఖాయంగా తెలిస్తే 112కి నువ్వే ఫోన్ చేసినా తప్పు లేదంటాను. పెళ్లాం మొగుణ్ణి పట్టిస్తుందా అని పదిమంది అంటారు, అననీ, వాళ్లెవరూ రుయా పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో నీ పక్కన కూర్చోరు.

శనివారం ఆగగలుగుతున్నాడంటే మాట వినే మనసు ఇంకా ఉందనే నా నమ్మకం. రుయాలో సైకియాట్రీ డాక్టర్లు ఉన్నారు, అక్కడికి తీసుకుపో, లేదా మద్యం మాన్పించే సలహాకి 14446కి ఫోన్ చెయ్యి, డబ్బు పడదు. ఒకటి జాగ్రత్త, రోజూ తాగే మనిషి పట్టుదలకి పోయి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి, అందుకే డాక్టర్ చెప్పినట్టు మానాలి గానీ ఇంట్లో ఒట్టు పెట్టించి కాదు.

వీటన్నిటికీ ముందు ఇవాళే చేయాల్సింది ఒకటుంది. సాయంత్రం వాడు కాలేజీ నుంచి రాగానే కూర్చోబెట్టి, "రేపట్నుంచి నువ్వు పోవద్దు, నిన్ను పంపింది నా తప్పు, నాన్న సంగతి నేను చూసుకుంటా" అని చెప్పు. కారణాలు చెప్పొద్దు, ఏడవొద్దు, వాడి దగ్గర వాళ్ల నాన్న గురించి చెప్పుకోవద్దు. నీకు చెప్పుకోవడానికి మనిషి కావాలంటే మీ అక్క ఉంది, నేనున్నా, వాడు కాదు. వాడు పర్లేదమ్మా నేను పోతాలే అంటాడు, అప్పుడు కూడా వద్దనే చెప్పు. స్కూటీ తాళం నీ దగ్గర పెట్టుకో.

గాజులు తాకట్టు పెట్టొద్దు. కేసు వేయాలని అంత ఉంటే ఆయన డబ్బుతో వేసుకోనీ, లాయర్‌తో ఆయనే మాట్లాడుకోనీ, ఆ కాగితాల మీద నువ్వు సంతకం పెట్టొద్దు.