పిల్లికి రేడియో అయోడిన్: మూత్రపిండాల భయం, ఇంటి జాగ్రత్తలు

న్యూజెర్సీలోని మీ పదమూడేళ్ల పిల్లికి థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసే జబ్బు ఉందనీ, దాన్ని అదుపు చేసే మెథిమజోల్ మాత్ర వేస్తే వాంతులవుతున్నాయనీ, రేడియో అయోడిన్ ఇప్పిస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయేమోననీ, ఇంట్లో గర్భిణి ఉన్నారనీ రాశారు. మీ ఆందోళన సహజమే, అయినా నా అభిప్రాయంలో ఈ చికిత్సే మేలైనది.

చర్మం కింద ఇచ్చే ఒక్క ఇంజెక్షన్‌తో దాదాపు 95 శాతం పిల్లులకు నయమవుతుంది. ఈ రేడియోధార్మిక అయోడిన్‌ను (అయోడిన్-131) ప్రధానంగా అతిగా పనిచేసే థైరాయిడ్ కణజాలమే పీల్చుకుంటుంది. దాని నుంచి వెలువడే రేడియేషన్, అంటే బీటా కణాలు, ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటి వెళ్లవు.

మూత్రపిండాల జబ్బును అయోడిన్ కొత్తగా తెచ్చిపెట్టదు. థైరాయిడ్ హార్మోన్ ఎక్కువైనప్పుడు మూత్రపిండాలకు రక్తప్రసరణ పెరుగుతుంది, కండ కరుగుతుంది, అందువల్ల మూత్రపిండాల పనితీరును రక్తపరీక్షలో తెలిపే క్రియాటినిన్ తక్కువగా కనబడి, లోపల ఉన్న జబ్బు దాగిపోతుంది; హార్మోన్ అదుపులోకి వచ్చాక అది బయటపడుతుంది. కాబట్టి ముందు మందుతో టీ4 (థైరాయిడ్ హార్మోన్) తగ్గించి క్రియాటినిన్ చూడడం మంచిది. మాత్ర పడకపోతే చెవి లోపలివైపు రాసే మెథిమజోల్ జెల్ గురించి డాక్టరుగారిని అడగండి. అది చేతి తొడుగులతోనే రాయాలి, గర్భిణి అసలు ముట్టుకోకూడదు.

అయోడిన్-131 అర్ధాయువు, అంటే దాని రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం, సుమారు 8 రోజులు. రేడియేషన్ అనుమతించిన స్థాయికి దిగాకే ఇంటికి పంపుతారు గానీ, ఆ తర్వాత కూడా రెండు వారాలపాటు పిల్లిని ఒళ్లో పడుకోనివ్వకండి. లిట్టర్‌ను (పిల్లి మలమూత్రాలు విసర్జించే పొడి) ఆసుపత్రివారు చెప్పిన పద్ధతిలోనే పారేయండి. గర్భిణి ఉన్న సంగతి ముందే చెప్పి, పిల్లిని మరికొన్ని రోజులు అక్కడే ఉంచుకోగలరేమో అడగండి.

ఒకటి, మూడు నెలలకు టీ4, క్రియాటినిన్ చూపించండి. టీ4 బాగా పడిపోయి క్రియాటినిన్ పెరిగితే టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) పరీక్ష కూడా చేయించండి, ఎందుకంటే థైరాయిడ్ లోపాన్ని వదిలేస్తే మూత్రపిండాలకు హాని జరుగుతుంది.