గాల్వనైజింగ్‌కు పంపిన గేటు వంకర తిరగకుండా షెడ్డులోనే చూసుకోవలసినవి

యాంగిల్ (L ఆకారపు ఉక్కు బద్ద) ఫ్రేముకు 2 మిల్లీమీటర్ల రేకు వెల్డింగ్ చేసిన గేట్లు గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా కరిగిన జింకులో ముంచి పూత వేయడం) నుంచి మెలితిరిగి వచ్చాయని, ఇది జింకు వేడి వల్లేనా అని అడిగారు. వేడి వల్లనే, కానీ ఆ వంకరకు బీజం చాలావరకు మన వెల్డింగ్ దగ్గరే పడుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చిపోయిన తరువాత పలాసలో ఒక జీడిపప్పు షెడ్డుకు నేను ఇలాంటి గేట్లే చేసి ఇచ్చాను. లారీ నుంచి దించిన గేటును నేలమీద పరిచి మూల నుంచి మూలకు రెండు దారాలు లాగితే, అవి ఒకదానికొకటి తగలవలసిన చోట వేలు దూరేంత సందు కనిపించింది. రేకు కాల్చిన అప్పడంలా ఉబ్బి, కాలితో నొక్కితే టప్పున రెండో వైపుకు పొంగేది. రేకంతా ఒకే వైపు, ఒకే ఊపులో వెల్డింగ్ చేసింది నేనే కాబట్టి ఎవరినీ అనడానికి లేకపోయింది.

జింకు తొట్టె దాదాపు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. ఆ వేడిలో ఉక్కు బిగువు బాగా తగ్గిపోతుంది కనుక, వెల్డింగ్ చల్లారేటప్పుడు లోపల చిక్కుకున్న లాగుడు అక్కడ సడలి ముక్కను తనవైపు తిప్పుకుంటుంది. పైగా 6 మీటర్ల ముక్క ఆ వేడికి 30 మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది. పలచటి రేకు ముందే సాగి, మందపాటి యాంగిల్ ఇంకా వేడెక్కకపోతే, రేకుకు ఉబ్బడం తప్ప దారి లేదు.

అందువల్ల నేనిప్పుడు ఫ్రేమును, రేకును విడివిడిగా గాల్వనైజింగ్ చేయించి తరువాత బోల్టులతో బిగిస్తున్నాను. ఖర్చు కొంచెం పెరిగినా నా దృష్టిలో దీనిని మించిన ఉపాయం లేదు. కలిపే పంపక తప్పదంటే మందాలు దగ్గరగా ఉండేలా చూసుకుని, ముక్కలను బలవంతంగా లాగి ట్యాక్ (ముక్కలు కదలకుండా ముందుగా వేసే చిన్న వెల్డింగ్ చుక్క) వేయకుండా, మధ్య నుంచి మొదలుపెట్టి రెండు వైపులా మార్చి మార్చి, అవసరమైనంత మేరకే వెల్డింగ్ చేయాలి. తొట్టె కొలతలు ముందే కనుక్కోవాలి, ఎందుకంటే ఒక్క మునకలో పట్టని గేటులో సగం వేడిగా, సగం చల్లగా ఉండి వంకర ఖాయమవుతుంది.

బాక్సు పైపు వాడితే ఎదురెదురు మూలల్లో గాలి, జింకు పోయే రంధ్రాలు తప్పక ఉండాలి. అవి చాలకపోతే ముక్క నెమ్మదిగా మునిగి వంకర పెరుగుతుంది. అసలే లేకపోతే లోపలి తేమ ఆవిరై పైపు తొట్టెలోనే పేలవచ్చు, అక్కడి మనుషుల ప్రాణాలకే ముప్పు. బయటికి తీశాక నీటిలో ముంచకుండా గాలికే ఆరనివ్వమని కూడా చెప్పి పంపండి.

ఇప్పటికే వంగిన మీ గేట్లను గ్యాసు మంటతో సరిచేయబోకండి. జింకు 420 డిగ్రీలకే కరిగిపోతుంది. జాకీ పెట్టి చల్లగానే, కొద్దికొద్దిగా నొక్కి, పూత చిట్లిన చోట జింకు రిచ్ పెయింటు వేయండి.