ఆ రాగి కాసును తోమకండి

ప్రశ్న: మా అవ్వ ట్రంకుపెట్టెలో రాగి నాణేలు దొరికాయి. ఒకదాని మీద 1808 అని ఉంది. ఇంకోదాని మీద 1818 అని, సీతారాముల బొమ్మ, ఇంగ్లీషులో 'వన్ అణా' అని ఉన్నాయి. రాముడి నాణేనికి లక్షలు ఇస్తామని ఒకాయన ఫోన్ చేసి, ముందు ఫీజు కట్టమంటున్నాడు. చింతపండుతో తోమి ఫొటో పంపాలట. ఏం చెయ్యను?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందు ఆ చింతపండు పక్కన పెట్టండమ్మా. నాణెం మీద కనిపించే ముదురు గోధుమ రంగు మురికి కాదు, ఏళ్ల తరబడి రాగి మీద ఏర్పడిన పొర. పులుపు తగిలితే ఆ పొర పోతుంది, మళ్లీ తెప్పించలేం. తోమి మెరిపించిన నాణెమంటే సేకరించేవాళ్లు వెనకాడతారు.

1808 నాణేన్ని తిప్పి చూడండి. ఒక పక్క ఈస్టిండియా కంపెనీ చిహ్నం, ఇంకో పక్క పారశీక లిపి, రోమన్ అంకెల్లో ఇరవై ఉంటే అది మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఇంగ్లండులో, సోహో టంకశాలలో కొట్టిన ఇరవై కాసుల నాణెం. 'ఇరవై కాసులు నాలుగు ఫలూసులు' అని ఆ పారశీకానికి అర్థం, ఫలూసు అంటే రాగి నాణెం. నెల్లూరు సీమ కంపెనీ చేతికి వచ్చింది 1801లో. ఈ డబ్బు వచ్చింది ఆ తర్వాతే. 1808 నాణేలను మోసుకొస్తున్న అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దగ్గరే మునిగిపోయింది. 1980లలో దాని నుంచి లక్షల్లో పైకి తీశారు కాబట్టి ఈ రకానికి పెద్ద ధర పలకదు. కానీ మీ నాణెం అంచులు నున్నగా అరిగి ఉంటే, అది మన సంతల్లో చేతులు మారిన డబ్బు అయ్యుంటుంది. నాకైతే కొత్తగా మెరిసేదానికంటే అదే విలువైనది.

రాముడి నాణెం కంపెనీది కాదు. కంపెనీ దేవుళ్ల బొమ్మలతో అణాలు వెయ్యలేదు. బ్రిటిష్ ఇండియాలో అణా నాణెం వచ్చిందే ఏడో ఎడ్వర్డ్ రాజు కాలంలో (1901-10), అదీ కుప్రో నికెల్‌తో, అంటే రాగి, నికెల్ కలిపిన లోహంతో. పూజగదిలో పెట్టుకోండి, తప్పులేదు. ఫీజు మాత్రం ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. పాత నాణేల పేరుతో ఇలా వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021లో హెచ్చరించింది.

మీది సముద్రపు గాలి తగిలే ఊరు. పీవీసీ ప్లాస్టిక్ కవర్లలో పెడితే రాగికి పచ్చటి జిగట పడుతుంది. పొడి కాగితపు కవర్లలో విడివిడిగా పెట్టి, డబ్బాలో తేమ పీల్చే సిలికాజెల్ పొట్లం వెయ్యండి. ఎక్కడైనా లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే ఆ నాణేన్ని వెంటనే వేరు చెయ్యండి. 1808 దాన్ని బంగారం కొట్లో తూయించండి, 9 గ్రాములకు కాస్త అటూ ఇటూగా ఉండాలి. బరువు రాసి, రెండు వైపులా ఫొటోలు పంపితే మిగతావి కూడా చూసి చెబుతాను.