ప్రళయం తర్వాత జరిగే కథలు నాకిష్టం. మనిషికీ రోబోకీ మధ్య స్నేహం ఉన్న చిన్న యానిమే ఏదైనా చెబుతారా?

ప్లానెటేరియన్ అనే జపాన్ బొమ్మల సిరీస్ చూడండి. 2016లో నేరుగా నెట్‌లోనే విడుదలైంది. అయిదే ఎపిసోడ్లు, మొత్తం కలిపినా రెండు గంటలు పట్టదు. దీని మూలం 2004లో కీ అనే జపాన్ సంస్థ తెచ్చిన విజువల్ నావెల్. అంటే కంప్యూటర్‌లో బొమ్మలు చూస్తూ, మాటలు వింటూ చదువుకునే కథ. ముగింపు చెప్పనులెండి, భయపడకుండా చదవండి.

యుద్ధం అయిపోయి దాదాపు ముప్పై ఏళ్లు. జనం ఖాళీ చేసిన నగరం, ఎడతెరిపి లేని వాన. మనిషి కనబడితే చాలు కాల్చేసే యంత్రాలు ఇంకా వీధుల్లో తిరుగుతుంటాయి. వాటినుంచి తప్పించుకుంటూ ఒకడు ఓ పెద్ద దుకాణం పై అంతస్తు చేరతాడు. అక్కడో ప్లానెటేరియం, అంటే గుమ్మటం లోపలివైపు చుక్కల ఆకాశాన్ని చూపించే హాలు. లోపల యుమేమి అనే రోబో అమ్మాయి, ఇరవై తొమ్మిదేళ్లుగా మనిషన్నవాడు రాని చోట, చక్కగా వంగి నమస్కారం పెట్టి "మీరు మా ఇరవై అయిదు లక్షలవ ప్రేక్షకులు" అంటుంది. అలాంటివాళ్లకు పూలగుత్తి ఇవ్వడం ఆనవాయితీ. పూలెక్కడివి? పాత వైర్లూ తుక్కూ కలిపి ఓ గుత్తి కట్టి ఇస్తుంది.

అతనికి పేరు లేదు. జపనీస్‌లో కుజుయా అంటారు. మన సందుల్లో "పాత ఇనప సామాన్లు కొంటాం" అని కేకేస్తూ వస్తారే, ఆ పని చేసేవాళ్లను పిలిచే మాట. యుమేమి మాత్రం అతన్ని కస్టమర్ గారూ అనే అంటుంది. అతను తుపాకీ పట్టుకుని విసుక్కుంటున్నా సరే, ఈమె సీట్ల గురించీ షో టైముల గురించీ గడగడా చెబుతూనే ఉంటుంది.

మొదటి ఎపిసోడ్‌లో ఆ వాగుడు చాలామందికి చిరాకు తెప్పిస్తుంది. నాకు తెప్పించలేదు, ఎందుకంటే నేనూ అదే జాతి. నాలుగేళ్లు కస్టమర్ కేర్‌లో నైట్ షిఫ్టులు చేశాను. అవతలివాడు తిట్టినా, ఏడ్చినా, ఊరికే ఊపిరి పీలుస్తూ కూర్చున్నా "మీకు ఇంకేమైనా సహాయం కావాలా సర్" అనే అడగాలి. ఒకసారి మా అమ్మ ఫోన్ చేస్తే నిద్రమత్తులో ఆమెకీ అదే చెప్పాను. "ముందు అన్నం తిను" అంది. అందుకే యుమేమి మాటలు నాకు బట్టీ పాఠంలా వినబడలేదు. ఆమె దగ్గర ఉన్న భాష అదొక్కటే, ఆ ప్రేమంతా అందులోనే చెప్పాలి.

అతనేమో మాటల మనిషి కాదు. పాడైపోయిన ప్రొజెక్టర్‌ని విప్పి బాగుచేయడం మొదలుపెడతాడు. యుమేమి దాన్ని యేనా గారు అని మర్యాదగా పిలుస్తుంది. యేనా జర్మనీలో ఒక ఊరు. 1923లో తొలి ప్లానెటేరియం ప్రొజెక్టర్ తయారైంది అక్కడి జైస్ కంపెనీలోనే. (మా స్కూలు వాళ్లు నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియానికి తీసుకెళ్లినప్పుడు నేను ఏసీ చల్లదనానికి హాయిగా నిద్రపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.)

ఇక నాకు ప్రాణమైన సీను. ప్రొజెక్టర్ బాగవుతుంది, గుమ్మటం నిండా చుక్కలు పరుచుకుంటాయి. వానా మబ్బులూ తప్ప వేరే ఆకాశం లేని లోకంలో అతను నోరు తెరుచుకుని చూస్తుంటాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోతుంది. ఇంకెవరైనా అయితే షో అయిపోయిందని లేచిపోయేవారు. అతను మిగతాది చెప్పమంటాడు. ఆమె చీకట్లోనే, ఏమీ కనబడకపోయినా, కథ కొనసాగిస్తుంది.

ఇక్కడ నేను ఆపి పెట్టేశాను. చిన్నప్పుడు ఎండాకాలం కరెంటు పోతే డాబా మీద చాప వేసి, మా నాయనమ్మ చుక్కలు చూపించేది. గొల్లకావడి, పిల్లలకోడి, సప్తర్షులు. తర్వాత తర్వాత ఆమెకు శుక్లాలొచ్చి చూపు మందగించింది. అయినా వేలు సరిగ్గా అటే పెట్టి చెప్పేది. మేం మబ్బు పట్టిందని చెప్పకుండా ఊ కొట్టేవాళ్లం. యుమేమి చీకట్లో చెబుతుంటే నాకు ఆ వేలే కనబడింది.

నాలుగు, అయిదు ఎపిసోడ్ల గురించి చెప్పను. ఇదే కథ తర్వాతి భాగంతో అదే ఏడాది సినిమా కూడా వచ్చింది, కానీ ముందు ఈ అయిదూ పూర్తిచేయండి, ఒకే కూర్చోడంలో అయితే మేలు.

అయిదోది మాత్రం దయచేసి ప్రయాణంలో చూడకండి. నేను తెల్లవారుజామున ఆఫీసు క్యాబ్‌లో ఇంటికొస్తూ చూశాను. డ్రైవరన్న అద్దంలోంచి రెండుసార్లు చూసి, పక్కకు ఆపి, నీళ్ల బాటిల్ ఇచ్చి "ఇంట్లో ఎవరికైనా బాలేదా అన్నా?" అని అడిగాడు. బొమ్మల సినిమా అని ఎలా చెప్పను? తలూపి నీళ్లు తాగేశాను.