పైస్లాబు పోసేలోపు తేల్చుకోవాల్సినవి: ఇల్లంతా పాటలు, స్మార్ట్ స్విచ్‌లు

మీ ప్రశ్న ఇది: బెంగళూరు హొరమావులో 30×40 సైటు, డ్యూప్లెక్స్, మూడు పడకగదులు. పైస్లాబుకి సెంట్రింగ్ కొడుతున్నారు. హాలు, వంటిల్లు, పూజగది, రెండు పడకగదుల్లో పాటలు వినాలి. లైట్లు, గీజర్లు ఫోన్లోంచి నడవాలి. షాపువాళ్లు "అంతా వైర్‌లెస్సే, పైపులు దండగ" అంటున్నారు, ఎలక్ట్రీషియన్ "ముందే చెప్తే పైపులు వేస్తా" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

ఎలక్ట్రీషియన్ మాటే వినండి. వైర్‌లెస్ అనేది కట్టేసిన ఇంటికో, అద్దె ఇంటికో సరిపడే దారి. మీ గోడలు ఇంకా తెరిచే ఉన్నాయి. యాంప్లిఫయర్లు, హబ్బులు, యాప్‌లు ఆరేడేళ్లలో మారిపోతాయి; గోడలోని పైపు, బాక్సు, రాగి తీగ ఇల్లున్నంత కాలం ఉంటాయి. అందుకని ఇప్పుడు ఒక్క పరికరం కూడా కొనకండి, అడ్వాన్సు కూడా ఇవ్వకండి. డబ్బు పైపులకీ, లోతైన బాక్సులకీ, మంచి వైరుకీ పెట్టండి. మిగతావి పెయింటింగ్ అయ్యాక తీరిగ్గా చూసుకోవచ్చు.

ముందు స్లాబు సంగతి, ఎందుకంటే దానికే టైమ్ లేదు. రాక్ (యాంప్లిఫయర్లు, రౌటర్ పెట్టే, వైర్లన్నీ వచ్చి చేరే అర) పెట్టే చోటు (మెట్ల కింద అయితే మేలు, గాలి ఆడేలా) నుంచి టెర్రస్ పైకి రెండు 25 మి.మీ. పైపులు, ఒక 32 మి.మీ. పైపు వెళ్లాలి. కెమెరా, ట్యాంకు సెన్సర్, రేపు సోలార్ పెడితే దాని డేటా వైరు, అన్నీ వీటిలోంచే. ఇవి మర్చిపోతే తర్వాత స్లాబుకి కోర్ కటింగ్ చేయించాలి, వానాకాలంలో నీళ్లు దిగేది సరిగ్గా ఆ రంధ్రం దగ్గరే. పై అంతస్తు మధ్యలో వైఫై యాక్సెస్ పాయింట్‌కి (వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బా) ఒక బాక్సు, ఫాల్స్ సీలింగ్ చేయించని గదుల్లో సెన్సర్‌కి ఒక బాక్సు స్లాబులోనే వదలాలి. స్లాబులో లైట్ గేజ్ (పల్చటి) పైపు వేయనివ్వకండి. కాంక్రీటు వైబ్రేటర్ తగిలితే నొక్కుకుపోతుంది. జాయింట్లకి సొల్యూషన్ పూయాలి, మూతులకి గుడ్డ కుక్కి టేపు చుట్టాలి, ఎల్బోల బదులు పొడవు బెండ్లు వాడాలి. రెండు బాక్సుల మధ్య రెండు బెండ్లకి మించితే వైరు లాగడం నరకం. ప్రతి ఖాళీ పైపులో లాగుడుకి నైలాన్ తాడు వదిలేయమనండి.

ఇక న్యూట్రల్. మన బోర్డుల్లో సాకెట్ ఉన్నచోట న్యూట్రల్ ఎలాగూ ఉంటుంది. ఉండనిది మెట్ల దగ్గర టూ-వే స్విచ్ బాక్సులోనూ, మంచం పక్క చిన్న స్విచ్ బాక్సులోనూ. స్మార్ట్ మాడ్యూల్ (స్విచ్ వెనక పెట్టే చిన్న పరికరం) లోపలి రేడియో 24 గంటలూ పనిచేయాలంటే ఫేజూ న్యూట్రలూ రెండూ కావాలి. న్యూట్రల్ అక్కర్లేదని అమ్మే రకాలు ఆ కాస్త కరెంటునీ బల్బు గుండానే లాక్కుంటాయి. తక్కువ వాట్ల ఎల్ఈడీ అయితే స్విచ్ ఆపినా మసకగా వెలుగుతూనో మిణుకుమంటూనో ఉంటుంది. కాబట్టి "ప్రతి స్విచ్ బాక్సులోనూ న్యూట్రల్, ఎర్త్ ఉండాలి, టూ-వే చోట్ల కూడా" అని ఎలక్ట్రీషియన్‌తో రేటు మాట్లాడేటప్పుడే రాయించుకోండి. ఇప్పుడు ఇది కొన్ని మీటర్ల వైరు ఖర్చు. టైల్స్ పడ్డాక అయితే గోడ పగలగొట్టే ఖర్చు.

అదే కాగితంలో బాక్సు లోతు కూడా రాయండి. మాడ్యూల్ స్విచ్ వెనకాలే కూర్చోవాలి, చుట్టూ వైర్లు మడవడానికి చోటుండాలి. 60 మి.మీ. లోతు తక్కువ కాకుండా తెప్పించండి. దీనికి ఒక ఇబ్బంది ఉంది. బెంగళూరులో లోపలి గోడలు చాలా ఇళ్లలో 4 అంగుళాల సాలిడ్ బ్లాకు. అంటే 100 మి.మీ., రెండు వైపులా ప్లాస్టరింగ్ 12 చొప్పున కలిపితే 124. హాలు వైపు ఒకటి, పడకగది వైపు ఒకటి ఒకే చోట వీపులు ఆనించి పెడితే 120 బాక్సులకే పోతుంది. మధ్యలో మిగిలేది పెచ్చు. అక్కడ గోడ పగులుతుంది, పక్కగది మాటలు వినిపిస్తాయి. ఎదురెదురు బాక్సులు కనీసం అడుగు దూరం జరపండి. గాడి కొట్టాక ప్లాస్టరింగ్‌కి ముందు దాని మీద మెష్ కొట్టించడం మర్చిపోవద్దు.

స్మార్ట్ స్విచ్‌లు పెట్టిన ఇళ్లలో కరెంటు మాటిమాటికీ ట్రిప్ అవుతోందంటే నేను మొదట చూసేది ఒకటే. ఒక పెద్ద బోర్డులో రెండు సర్క్యూట్లు ఉంటాయి, ఒకటి ఇన్వర్టర్‌ది, ఒకటి బెస్కాం (బెంగళూరు కరెంటు సంస్థ) కరెంటుది. మాడ్యూళ్లకి న్యూట్రల్ కావాలి కదా అని అన్ని న్యూట్రళ్లనీ ఒకే కనెక్టర్లో కలిపేస్తారు. లైట్లు వెలుగుతాయి, పని అయిపోయిందనుకుంటారు. కానీ ఆర్‌సీసీబీ (షాక్ కొట్టకుండా కరెంటు కట్ చేసే బ్రేకర్) పని ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా అని చూడటం. 30 మిల్లీయాంప్స్ తేడా వచ్చినా పడిపోతుంది. ఇక్కడ వెళ్లింది ఒక దారిన, తిరిగొచ్చింది ఇంకో దారిన. ఆర్‌సీసీబీ పాడైందనుకుని మార్పిస్తారు, కొత్తదీ ట్రిప్ అవుతుంది. చివరికి ఎవరో ఒకరు దాన్ని తీసేసి ప్రాణాలకున్న రక్షణే లేకుండా చేస్తారు. ఇన్వర్టర్ సర్క్యూట్ న్యూట్రల్‌కి వేరే రంగు వైరు వేయించి, బాక్సులో రెండూ కలవకూడదని గట్టిగా చెప్పండి.

ఏ లోడు దేనితో నడపాలో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి, ఎందుకంటే డీబీ (ఎంసీబీలుండే మెయిన్ బోర్డు) సైజు దాన్ని బట్టే. 3 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర 13 యాంప్స్ లాగుతుంది. 16 యాంప్స్ అని రాసి ఉన్న చిన్న రిలే మీద రోజూ అరగంట ఆ లోడు పెడితే కాంటాక్టులు కాలి అతుక్కుపోవచ్చు, అప్పుడు ఆఫ్ నొక్కినా గీజర్ ఆగదు. అందుకే గీజర్లకి డీబీలో కాంటాక్టర్ (పెద్ద లోడు కోసం చేసిన గట్టి రిలే) పెట్టి, స్మార్ట్ రిలే కాంటాక్టర్ కాయిల్‌ని మాత్రం నడిపేలా చేయించండి. డీబీలో ఒక్కోదానికి రెండు మూడు ఎంసీబీలు పట్టేంత చోటు వదలండి. ఏసీని రిలేతో కట్ చేయకండి, ఐఆర్ బ్లాస్టర్‌తో (రిమోట్ లాగే సిగ్నల్ పంపే డబ్బా) నడపండి. బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి (కరెంటు తక్కువ తాగే, లోపలే ఎలక్ట్రానిక్స్ ఉన్న ఫ్యాన్) ఎప్పుడూ నేరుగా పూర్తి కరెంటు వెళ్లాలి, దాని ముందు డిమ్మర్ గానీ రెగ్యులేటర్ గానీ ఉండకూడదు.

ఇంకో మాట. ప్రతి లైటుకీ గోడ మీద మామూలు స్విచ్ ఉండాలి, హబ్బు చచ్చిపోయినా, ఇంటర్నెట్ లేకపోయినా నొక్కగానే వెలగాలి. రోడ్డు తవ్వకాల్లో ఫైబర్ తెగడం ఇక్కడ మామూలే. ఇంట్లో పెద్దవాళ్లు, పనిమనిషి, చుట్టాలు యాప్ వాడరు, వాడాలని అనుకోవడం కూడా న్యాయం కాదు.

డేటా వైరు లెక్క: టీవీ వెనక 3, మూడు పడకగదుల్లో రెండేసి చొప్పున 6, పని టేబుల్ దగ్గర 2, రెండు అంతస్తుల సీలింగ్‌లో 2, కెమెరాలకి 4, గేటుకి 1, వంటింటికి 1, టెర్రస్‌కి 1. మొత్తం 20 లైన్లు. సగటున 15 మీటర్లంటే 300. క్యాట్ 6 (నెట్‌వర్క్ వైరు) డబ్బా 305 మీటర్లు కాబట్టి సరిపోయినట్టే కనిపిస్తుంది. సరిపోదు. రాక్ దగ్గర రెండు మీటర్లు, గది దగ్గర మీటరు మిగులు వదలాలి, అదే మరో 60. రెండు డబ్బాలు తెప్పించండి. పూర్తి రాగి అని డబ్బా మీద ఉంటే నమ్మకండి, తీగని బ్లేడుతో గీరి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అల్యూమినియం మీద రాగి పూత. అది వంచితే విరుగుతుంది, అందులోంచి కెమెరాకీ యాక్సెస్ పాయింట్‌కీ కరెంటు పంపితే వేడెక్కుతుంది. 25 మి.మీ. పైపులో క్యాట్ 6 నాలుగు లైన్లకి మించి తోయొద్దు. కరెంటు పైపుకి సమాంతరంగా వెళ్లేచోట అడుగు ఎడం ఉంచాలి. దాటాల్సి వస్తే అడ్డంగా, లంబంగా దాటించాలి. స్లాబు, సాలిడ్ బ్లాకు గోడలు 5 గిగాహెర్ట్జ్ వైఫైని బాగా తినేస్తాయి, కాబట్టి అంతస్తుకొక యాక్సెస్ పాయింట్ వైరు మీదే ఉండాలి. టీవీ బాక్సు నుంచి కింద యూనిట్‌లోకి 50 మి.మీ. పైపు ఒకటి దింపండి, హెచ్‌డీఎంఐ ప్లగ్గు చిన్న పైపులో దూరదు.

ఇప్పుడు పాటలు. స్పీకర్ వైర్లన్నీ గదుల నుంచి నేరుగా రాక్ దగ్గరికి రావాలి, ఒక గది నుంచి ఇంకో గదికి లూపింగ్ చేయకూడదు. రెండు 8 ఓమ్‌ల స్పీకర్లని సమాంతరంగా కలిపితే యాంప్‌కి (యాంప్లిఫయర్‌కి) కనిపించేది 4 ఓమ్‌లు, మూడు కలిపితే 2.7. ఇంట్లో వాడే యాంప్‌లు ఎక్కువ భాగం 4 దాకానే తట్టుకుంటాయి, కింద పడితే వేడెక్కి ఆగిపోతాయి. వైరు మందం దూరాన్ని బట్టి: 15 మీటర్ల లోపు 1.5 చదరపు మి.మీ. చాలు, 20 మీటర్లయితే 2.5 వేయండి. ఎందుకంటే 1.5 వైరు 20 మీటర్లు వెళ్లి రావడంలో దాదాపు అర ఓమ్ రెసిస్టెన్స్ వస్తుంది, 8 ఓమ్‌ల స్పీకర్‌కి అది 6 శాతం. 5 శాతం లోపు ఉంచితే బేస్ బిగువుగా వినిపిస్తుంది.

హాలుకీ, రెండు పడకగదులకీ జతలు వేయండి. వంటింటికీ పూజగదికీ ఒక్కో స్పీకరే చాలు, కానీ ఎడమ, కుడి రెండు ఛానెళ్లూ ఒకేదాంట్లో పలికించే రకం తీసుకుని నాలుగు కోర్ల వైరు వేయండి. వైరు ఆదా అని ఎడమ ఛానెల్ వంటింటికి, కుడి ఛానెల్ పూజగదికి పంపేవాళ్లున్నారు. అప్పుడు పాటలో కొన్ని వాయిద్యాలు ఆ గదిలో అసలు వినిపించవు. వంటింట్లో స్పీకర్ పొయ్యికి నేరుగా పైన వద్దు, నూనె ఆవిరి కోన్‌కి పట్టేస్తుంది.

సీలింగ్ స్పీకర్ లోతు మోడల్‌ని బట్టి 90 నుంచి 110 మి.మీ. ఉంటుంది, అందుకని స్లాబుకీ జిప్సం బోర్డుకీ మధ్య 150 మి.మీ. కావాలి. చాలామంది హాల్లో చుట్టూ అంచు మాత్రమే దింపి మధ్యలో స్లాబు వదిలేస్తారు. ఆ అంచులో ఎల్ఈడీ పట్టీ ట్రే పోగా స్పీకర్‌కి వెడల్పు మిగిలిందా అని డ్రాయింగ్‌లోనే కొలవండి. ఫ్యాన్ నుంచి కనీసం 3 అడుగులు ఎడం ఉండాలి. రెక్కల మీదుగా వచ్చే శబ్దం, ముఖ్యంగా గొంతు, వణికినట్టు ఉంటుంది. గోడకి రెండడుగులు, స్పీకర్‌కీ స్పీకర్‌కీ మధ్య 8 నుంచి 10 అడుగులు. స్పీకర్ బరువు బోర్డు మీదే వేలాడకుండా స్లాబుకి హుక్కు కొట్టి సన్నని స్టీలు తీగ కట్టించండి. ఫాల్స్ సీలింగ్ లేని గదిలో 7 అడుగుల ఎత్తున గోడ మీద రెండు స్పీకర్ పాయింట్లు వదలండి, అదే మెరుగైన శబ్దం కూడా.

యాంప్‌ల విషయంలో నియమం ఒకటే: అన్ని గదులవీ ఒకే కుటుంబానివి కావాలి. సోనోస్ అయితే అన్నీ సోనోస్, విమ్ అయితే అన్నీ విమ్, లేదా అన్నీ ఎయిర్‌ప్లే 2 (ఆపిల్ వాళ్ల, పాటలు పంపే పద్ధతి) పట్టేవి. కలగలుపు చేస్తే రెండు గదుల మధ్య నిలబడినప్పుడు పాట ప్రతిధ్వనిలా వినిపిస్తుంది. టీవీ శబ్దాన్ని వేరే గదులకి పంపితే కొంచెం ఆలస్యం తప్పదు, క్రికెట్ కామెంటరీకి ఫర్వాలేదు గానీ సినిమాకి పెదాలూ మాటలూ కలవవు. హాలు టీవీకి వేరే ఏర్పాటు ఉంచుకోవడమే మంచిది.

ఆటోమేషన్‌కి నేను చెప్పేది చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని పరికరాలన్నీ నడిపే సాఫ్ట్‌వేర్), దానికి జిగ్బీ (స్విచ్‌లు, సెన్సర్లు మాట్లాడుకునే రేడియో పద్ధతి). వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసే ప్రమాణం మ్యాటర్ మొదటి వెర్షన్ 2022 అక్టోబరులో వచ్చింది, కొత్తగా కొనేవాటిలో ఆ గుర్తు ఉంటే మంచిదే. జిగ్బీ డాంగిల్‌ని యూఎస్‌బీ 3 పోర్టుకి నేరుగా గుచ్చకండి, అక్కడి రేడియో రొదకి దూరపు సెన్సర్లు జారిపోతుంటాయి. మీటరు ఎక్స్‌టెన్షన్ వైరుతో బయట పెట్టండి. అమెరికా నుంచి అన్నయ్యో బావగారో వస్తూ జెడ్-వేవ్ (జిగ్బీ లాంటి మరో రేడియో పద్ధతి) స్విచ్‌లు తెస్తామంటే వద్దనండి. అక్కడివి 908 మెగాహెర్ట్జ్‌లో పలుకుతాయి, మన దేశంలో జెడ్-వేవ్‌కి 865. అక్కడి 908 ఇక్కడ మొబైల్ కంపెనీల బ్యాండులో పడుతుంది. పైగా అక్కడ 120 వోల్టులు.

రాక్, రౌటర్, ఫైబర్ డబ్బా, హోమ్ అసిస్టెంట్ అన్నీ ఇన్వర్టర్ లైనులో ఉండాలి, సైన్ వేవ్ ఇన్వర్టరే. కొన్ని ఇన్వర్టర్లలో యూపీఎస్ మోడ్ అని మీట ఉంటుంది, అది వేయకపోతే కరెంటు పోయిన ప్రతిసారీ రౌటర్ రీస్టార్ట్ అవుతుంది. డీబీలో టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ (క్షణంపాటు ఎగసే వోల్టేజ్‌ని ఆపేది) పెట్టించండి. మూడు ఫేజుల కనెక్షన్‌లో న్యూట్రల్ తెగితే 230 ఉండాల్సిన చోట 400 దాకా రావచ్చు, దానికి సర్జ్ ప్రొటెక్టర్ చాలదు, ఓవర్ వోల్టేజ్ కట్ ఆఫ్ వేరే కావాలి. కావేరి నీళ్లు వచ్చే రోజు సంపు నిండిందో లేదో చూసుకునే బాధ తప్పాలంటే సంపు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకు దాకా ఒక 25 మి.మీ. పైపు కలపండి. సంపులో అల్ట్రాసోనిక్ సెన్సర్ ముఖానికి చెమ్మ పట్టి తప్పుడు లెక్క చూపిస్తుంది, ఫ్లోట్ స్విచ్ నమ్మకం. మోటరుకి డ్రై రన్ (నీళ్లు లేకుండా తిరగడం) రక్షణ తప్పనిసరి.

వైర్లు లాగాక, జిప్సం బోర్డు మూయకముందు పరీక్ష చేయాలి. స్పీకర్ వైరు ఒక చివర రెండు కోర్లూ మెలేసి, రాక్ దగ్గర మల్టీమీటర్ పెడితే ఒక ఓమ్ లోపు చూపాలి. మెలి విప్పేస్తే ఏమీ చూపకూడదు. క్యాట్ 6 ఎనిమిది తీగలూ టెస్టర్లో వరసగా వెలగాలి. లేబుళ్లు నంబర్లతో వేయండి, ఇక్కడ పనివాళ్లు నాలుగైదు భాషలవాళ్లు, నంబరైతే అందరూ చదువుతారు. ప్లాస్టరింగ్‌కి ముందు ప్రతి గోడనీ టేపు ఆనించి ఫొటో తీయండి. సీలింగ్ మేస్త్రీకి రంధ్రాలు ముందే కోయొద్దని చెప్పండి: వైరు మీటరు చుట్ట పైన కట్టి, రెండు గోడల నుంచి దాని కొలత రాసి ఇవ్వమనండి. స్పీకర్ డబ్బాలో వచ్చే కాగితం టెంప్లేట్ చేతికొచ్చాకే కోత.