సమాధానం: బ్లూరేలో కొన్ని షాట్లే మసకగా ఉన్నాయంటే డిస్క్ పాడైనట్టు కాదు

‘ఫ్రెండ్స్’ అనే అమెరికన్ టీవీ సీరియల్ బ్లూరేలో బొమ్మ బాగానే ఉండి, మధ్యలో రెండు మూడు సెకన్లు మసకబారుతోందని, డిస్క్ మార్చాలా అని అడిగారు. మార్చకండి, ఏ డిస్క్ తెచ్చినా అంతే.

ఆ సీరియల్‌ని 35 ఎంఎం ఫిల్మ్ మీదే తీశారు, కానీ ఎడిటింగ్ మాత్రం వీడియో టేపు మీద చేశారు. టేపులో బొమ్మకు ఉండేది 480 అడ్డగీతలే, బ్లూరే స్పష్టతకు అవి చాలవు. అందుకే 2012లో బ్లూరే తెచ్చేటప్పుడు పాత నెగటివ్‌లు బయటికి తీసి స్కాన్ చేసి, ఒక్కో ఎపిసోడ్‌నీ మళ్లీ మొదటినుంచి కూర్చాల్సి వచ్చింది. ఏదైనా ముక్క నెగటివ్ దొరక్కపోతే టేపులోదే సాగదీసి పెట్టడం తప్ప దారి లేదు. మీకు మసకగా కనబడేవి అవే అయ్యుంటాయి.

అనుమానం ఉంటే ఆ చోట రిమోట్‌తో ఒక్కో ఫ్రేమే జరిపి చూడండి. మసక సరిగ్గా కట్ దగ్గర (అంటే షాట్ మారే చోట) మొదలై, తర్వాతి కట్ దగ్గర పోతే అది మూలంలోని లోపమే. డిస్క్ పాడైతే ఇలా ఉండదు, బొమ్మ గళ్లుగళ్లుగా విరుగుతుంది, లేదా ఆగిపోతుంది. టీవీలో షార్ప్‌నెస్ మాత్రం పెంచకండి, ఆ షాట్ల అంచులు ఇంకా ఘోరంగా కనిపిస్తాయి.

మరో మాట, పాత డీవీడీలు అమ్మేయకండి. వాటిలోని పొడిగించిన సీన్లు బ్లూరేలో లేవు, టీవీలో వచ్చిన నిడివే ఉంది. పైగా బ్లూరేలో వెడల్పు తెర కోసం, అప్పట్లో టీవీలో కనబడని పక్క భాగాలు కూడా చూపించారు కదా, అక్కడక్కడా ఓ మూల నటులకు బదులు నిలబడ్డ డూప్‌లు కూడా కనిపిస్తారు!